పదం పేరు తేల్చేది వాక్యంలో దాని చోటు

సంపాదకులు గారికి నమస్కారాలు.

పరీక్షల కాలం దగ్గరపడగానే పత్రికల విద్యా పేజీల్లో ఇంగ్లీషు గ్రామర్ మొదలవుతుంది. చాలాసార్లు తొలి పాఠం పార్ట్స్ ఆఫ్ స్పీచ్, అంటే భాషాభాగాలు. ఒక పట్టిక, అందులో ఎనిమిది వరసలు, వరసకో నిర్వచనం, పక్కన నాలుగైదు మాటలు. నౌన్ అంటే మనిషి, చోటు, వస్తువు పేరు. వెర్బ్ అంటే పని. అడ్జెక్టివ్ అంటే గుణం. అడ్వెర్బ్ అంటే 'లీ'తో ముగిసేది. పిల్లలు దాన్ని కత్తిరించి నోట్సులో అంటించుకుంటారు, వల్లె వేస్తారు. తీరా ప్రశ్నపత్రంలో వాక్యం ఇచ్చి, గీత గీసిన మాట ఏ భాషాభాగమో రాయమంటే తప్పు రాస్తారు. ఇందులో పిల్లల లోపం లేదు. పట్టిక మాటను వాక్యంలోంచి ఊడదీసి విడిగా చూపిస్తోంది. ఇంగ్లీషులో అలా ఊడదీసిన మాట నౌనో వెర్బో చాలాసార్లు ఎవరూ చెప్పలేరు, ఎంత చదువుకున్నవారైనా సరే.

'రౌండ్' అనే మాట తీసుకోండి. 'ఎ రౌండ్ టేబుల్' అన్నప్పుడు బల్ల ఆకారం చెబుతోంది, అడ్జెక్టివ్. 'ది సెకండ్ రౌండ్ ఆఫ్ కౌన్సెలింగ్' అన్నప్పుడు, ఇంజినీరింగ్ సీటు కోసం ఎదురుచూసే ప్రతి ఇంటికీ తెలిసిన నౌన్. 'వి వాక్డ్ రౌండ్ ది టెంపుల్' అన్నప్పుడు గుడి అనే నౌన్ ముందు నిలబడి ప్రదక్షిణను చెబుతోంది, ప్రిపొజిషన్. 'షి టర్న్డ్ రౌండ్' అన్నప్పుడు దాని తర్వాత నౌన్ లేదు, ఎటు తిరిగిందో మాత్రమే చెబుతోంది, అడ్వెర్బ్. 'ది బస్ రౌండెడ్ ది కార్నర్' అన్నప్పుడు మలుపు తిరగడమనే వెర్బ్. మాట ఒకటే, పేర్లు ఐదు. పట్టికలో 'రౌండ్' పక్కన అడ్జెక్టివ్ అని మాత్రమే అచ్చువేస్తే మిగతా నాలుగు చోట్లా పిల్లవాడు తప్పు రాయక తప్పదు.

తెలుగు పిల్లలకు ఇది మరీ కష్టం కావడానికి కారణం మన భాషలోనే ఉంది. తెలుగు పదం తన పనిని చివర ఉన్న ప్రత్యయంతో చెప్పేస్తుంది. 'లొంబుడు జిమకగా టొకరించాడు' అనే వాక్యంలో ఒక్క మాటకూ అర్థం లేదు. అయినా లొంబుడు ఎవరో మగవాడని, జిమకగా అన్నది ఎలాగో చెబుతోందని, టొకరించాడు అన్నది జరిగిపోయిన పని అని మూడో తరగతి పిల్లవాడు కూడా చెప్పేస్తాడు. 'డు', 'గా', 'ఇంచాడు' అన్న చివరలే అతనికి చాలు. మాటల వరస మార్చి 'టొకరించాడు లొంబుడు జిమకగా' అన్నా ఏమీ పాడవదు. 'రాము శ్రీనుని కొట్టాడు', 'శ్రీనుని రాము కొట్టాడు' ఒకటే, దెబ్బ తిన్నది శ్రీనే. ఇంగ్లీషులో 'రాము హిట్ శ్రీను' అన్నదాన్ని 'శ్రీను హిట్ రాము' అని తిప్పితే దెబ్బ తిన్నవాడు మారిపోతాడు. అక్కడ పదం పనిని ముఖ్యంగా దాని చోటు చెబుతుంది.

ఇంగ్లీషులో ప్రత్యయాలు లేకపోలేదు. అయితే అవి తక్కువ, పైగా ఒకే ప్రత్యయం రెండు మూడు పనులు చేస్తుంది. 'ది ప్లాంట్స్' అన్నప్పుడు చివరి 'ఎస్' బహువచనం, 'హి ప్లాంట్స్ ట్రీస్' అన్నప్పుడు అదే 'ఎస్' ఏకవచన కర్తకు తగిన క్రియారూపం. 'ఇంగ్' సంగతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 'స్విమ్మింగ్ ఈజ్ గుడ్ ఫర్ హెల్త్' అంటే ఈదడం ఆరోగ్యానికి మంచిది. 'ది బాయ్ ఈజ్ స్విమ్మింగ్' అంటే పిల్లవాడు ఈదుతున్నాడు. 'ఎ స్విమ్మింగ్ బాయ్' అంటే ఈదుతున్న పిల్లవాడు. తెలుగులో ఈదడం, ఈదుతున్నాడు, ఈదుతున్న అని మూడు వేర్వేరు చివరలు. ఇంగ్లీషులో మూడు చోట్లా ఒకే రూపం. తెలుగు అలవాటుతో మాట చివర చూసే పిల్లవాడు మూడింటినీ వెర్బ్ అనే రాస్తాడు. ఈ మూడు తెలుగు రూపాలను పక్కపక్కన పెట్టి చూపిస్తే జెరండ్ (నౌన్ పని చేసే 'ఇంగ్' రూపం) ఏదో, పార్టిసిపుల్ (ఈదుతున్నాడు, ఈదుతున్న అన్నచోట వచ్చే 'ఇంగ్' రూపం) ఏదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇంగ్లీషు పాఠంలో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు రాదన్న భయంతో చాలా తరగతి గదుల్లో ఈ పది నిమిషాల సాయాన్ని పిల్లలకు అందకుండా చేస్తున్నారు. ఇది అన్యాయం.

అందుకే నిర్వచనాలకంటే ముందు పరీక్షలు నేర్పాలి. పరీక్ష అంటే ఆ మాటను ఒక చోట పెట్టి చూడడం. నౌన్‌కైతే 'ది' గానీ 'మై' గానీ ముందు పెట్టి, ఆ రెండు మాటలతోనే వాక్యం మొదలుపెట్టగలమా అని చూడాలి. 'మై అరైవల్', 'ది డిస్ట్రక్షన్', 'మై హంగర్' అన్నీ నిలబడతాయి. రావడం పనే కదా, ధ్వంసం పనే కదా అని నిర్వచనం పట్టుకున్నవాడు వీటిని వెర్బ్ అంటాడు. చోటు పట్టుకున్నవాడు పొరబడడు.

నౌన్ దగ్గరే మనవాళ్లకు ఇంకో గుంట ఉంది, ఏక బహువచనాలది. తెలుగులో నీళ్లు, పాలు, డబ్బులు బహువచనాలు. 'నీళ్లు చల్లగా ఉన్నాయి', 'పాలు విరిగిపోయాయి' అంటాం. ఆ ఊపులో 'ది వాటర్ ఆర్ కోల్డ్', 'ది మిల్క్ ఆర్ స్పాయిల్డ్' అని వచ్చేస్తుంది. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, మనీ లెక్కపెట్టని నౌన్లు, వాటితో 'ఈజ్' రావాలి. సలహాలు, సామాన్లు, సమాచారాలు అంటాం కాబట్టి 'అడ్వైసెస్', 'లగేజెస్', 'ఇన్ఫర్మేషన్స్' పుట్టుకొస్తాయి. అవి తప్పు, లెక్క చెప్పాలంటే 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్', 'త్రీ పీసెస్ ఆఫ్ లగేజ్' అనాలి. ఇటు తిరగబడే మాటలూ ఉన్నాయి: మన కత్తెర ఒకటి, వాళ్ల 'సిజర్స్' బహువచనం, మన ప్యాంటు ఒకటి, వాళ్ల 'ట్రౌజర్స్' బహువచనం. మంచి లెర్నర్స్ డిక్షనరీల్లో నౌన్ పక్కన లెక్కపెట్టేదానికి 'సి' అని, లెక్కపెట్టనిదానికి 'యు' అని చిన్న గుర్తు ఉంటుంది. అర్థం చూసి డిక్షనరీ మూసేసే అలవాటు వల్ల ఆ గుర్తు చాలామంది కంట పడదు.

వెర్బ్‌కు పరీక్ష కాలం మార్చడం. వాక్యంలో 'యెస్టర్‌డే' తీసి 'టుమారో' పెడితే ఏ మాట రూపం మార్చుకోక తప్పదో అదే వెర్బ్. పని అనే నిర్వచనానికి లొంగని 'ఈజ్', 'హాజ్', 'నోస్', 'బిలాంగ్స్' కూడా ఈ పరీక్షకు లొంగుతాయి. ఇక్కడ రెండు తెలుగు అలవాట్లు అడ్డుపడతాయి. 'మా నాన్న రైతు' అన్న వాక్యంలో మనకు క్రియ అక్కర్లేదు, అందుకే 'మై ఫాదర్ ఫార్మర్' అని రాస్తారు. అక్కడ ఒక 'ఈజ్', ఒక 'ఎ' రెండూ పోయాయి. రెండోది ప్రశ్న. మనం 'వెళ్లావు'కు ఒక దీర్ఘం తగిలించి 'వెళ్లావా?' అంటాం, భూతకాలం క్రియలోనే ఉండిపోతుంది. ఇంగ్లీషులో ప్రశ్న వేయగానే భూతకాలం వెర్బ్‌లోంచి లేచి 'డిడ్' మీదికి వెళ్లిపోతుంది. అందుకే 'డిడ్ యు గో'. 'డిడ్ యు వెంట్' అన్నవాడు భూతకాలాన్ని రెండుసార్లు చెప్పాడు.

ఇప్పుడు అడ్జెక్టివ్, అడ్వెర్బ్. తెలుగువారి ఇంగ్లీషు ఎక్కువగా తడబడే చోటు ఇదే, గైడ్లు ఒక్క వాక్యంతో దాటేసే చోటూ ఇదే. మూడు తెలుగు వాక్యాలు చూడండి. 'అందమైన అమ్మాయి.' 'అమ్మాయి అందంగా ఉంది.' 'అమ్మాయి అందంగా పాడింది.' తెలుగు ఈ మూడింటిని ఎలా విడదీసింది? నామవాచకం ముందు వస్తే 'ఐన', మిగతా రెండు చోట్లా 'గా'. ఇంగ్లీషు గీత ఇంకో చోట గీసింది. అమ్మాయి గురించి చెబితే ముందు వచ్చినా వెనక వచ్చినా 'బ్యూటిఫుల్'; పాడడం గురించి చెబితే 'బ్యూటిఫుల్లీ'. మధ్య వాక్యం దగ్గర రెండు భాషల గీతలు కలవవు. 'అందంగా ఉంది'లో 'గా' వినబడగానే పిల్లవాడి చెయ్యి 'లీ' రాసేస్తుంది. 'ది ఫుడ్ టేస్ట్స్ నైస్లీ', 'ఐ ఫీల్ శాడ్లీ', 'ది ఫ్లవర్ స్మెల్స్ స్వీట్లీ' అన్నీ ఇలా పుట్టినవే. వంట రుచిగా ఉంది, బాధగా ఉంది, పువ్వు తియ్యగా వాసన వేస్తోంది అన్న మన 'గా'లే వాటి వెనక ఉన్నాయి.

దీనికి తేలికైన పరీక్ష ఉంది. వెర్బ్ తీసేసి దాని చోట 'ఈజ్' గానీ 'వజ్' గానీ పెట్టండి. కర్త గురించిన వాక్యంగా నిలబడితే అడ్జెక్టివ్ రావాలి. 'ది ఫుడ్ టేస్ట్స్ గుడ్' బదులు 'ది ఫుడ్ ఈజ్ గుడ్' నిలబడింది, కాబట్టి గుడ్. 'షి లుక్డ్ యాంగ్రీ' బదులు 'షి వజ్ యాంగ్రీ' నిలబడింది. 'షి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ హిమ్'లో 'లుక్డ్' నిజంగా చూడడమే, 'వజ్' పెడితే వాక్యం కూలిపోతుంది, కాబట్టి అడ్వెర్బ్. ఇలా అడ్జెక్టివ్‌ను వెంట తెచ్చుకునే వెర్బ్‌లు పెద్ద జాబితా ఏమీ కాదు: బి, సీమ్, లుక్, సౌండ్, ఫీల్, స్మెల్, టేస్ట్, బికమ్, గెట్, గ్రో, టర్న్, రిమెయిన్ నేర్చుకుంటే దాదాపు సరిపోతుంది. బ్యాంకు, స్టాఫ్ సెలక్షన్ పరీక్షల్లో తప్పు కనిపెట్టమనే ప్రశ్నలకు తయారయ్యేవారు ఈ పన్నెండూ నోటికి తెచ్చుకోవాలి.

'లీ' ఉంటే అడ్వెర్బ్ అన్న సూత్రం ఎందుకు చెడిందో కూడా కారణంతో చెప్పాలి. అడ్జెక్టివ్‌కు 'లీ' చేరిస్తే అడ్వెర్బ్ వస్తుంది: స్లో, స్లోలీ, కేర్‌ఫుల్, కేర్‌ఫుల్లీ. నౌన్‌కు 'లీ' చేరిస్తే మామూలుగా అడ్జెక్టివ్ వస్తుంది: ఫ్రెండ్లీ, కాస్ట్లీ, కౌవర్డ్లీ, మదర్లీ. కాబట్టి 'లీ' తీసేసి మిగిలిందేమిటో చూడాలి. 'డైలీ', 'వీక్లీ' రెండు పనులూ చేస్తాయి: 'ఎ డైలీ పేపర్'లో అడ్జెక్టివ్, 'ఇట్ కమ్స్ డైలీ'లో అడ్వెర్బ్. ఇక 'లీ' లేకుండానే అడ్వెర్బ్ పని చేసేవి ఫాస్ట్, హార్డ్, లేట్, ఎర్లీ, హై. 'ఎర్లీ' చివర కనిపించే 'లీ' ఇప్పుడు విడదీయడానికి రాదు, అది మాటలో కలిసిపోయింది. వీటిలో హార్డ్, లేట్ ప్రమాదకరమైనవి, ఎందుకంటే 'లీ' చేరిస్తే అర్థమే మారిపోతుంది. 'హార్డ్లీ' అంటే దాదాపు లేదని, 'లేట్లీ' అంటే ఈమధ్య అని. ఉద్యోగ దరఖాస్తులో 'ఐ వర్క్ హార్డ్' అని రాయాల్సింది 'ఐ హార్డ్లీ వర్క్' అని రాస్తే, నేను పని చేయడం అంతంతమాత్రమే అని చెప్పుకున్నట్టు అవుతుంది.

అడ్వెర్బ్‌కు మనం పెట్టుకున్న క్రియావిశేషణం అన్న పేరు కూడా సగమే నిజం. 'వెరీ గుడ్'లో 'వెరీ' ఏ క్రియనూ అంటుకోలేదు, అడ్జెక్టివ్‌ను అంటుకుంది. 'వెరీ స్లోలీ'లో ఇంకో అడ్వెర్బ్‌ను. 'ఫార్చునేట్లీ, ది రెయిన్ స్టాప్డ్' అన్నప్పుడు మొత్తం వాక్యాన్నే అంటుకుంది, వాన ఆగడం అదృష్టం అంటోంది. ఇంకోటి, తెలుగు వాచకాల్లో భాషాభాగాలు ఐదు: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. లింగ వచన విభక్తులు లేనివన్నీ అవ్యయంలో చేరతాయి. ఇంగ్లీషు అడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్ (మాటలను, వాక్యాలను కలిపేది), ఇంటర్జెక్షన్ (అయ్యో, ఆహా లాంటిది) నాలుగూ దాదాపు ఆ ఒక్క గదిలోకే వెళ్తాయి. ఒక గదికి అలవాటుపడి వచ్చిన పిల్లవాడికి నాలుగు గదులు చూపిస్తున్నామన్న ఎరుక పాఠం చెప్పేవారికి ఉండాలి.

ప్రిపొజిషన్ల దగ్గర సమస్య ఇంకో రకం. మనం విభక్తిని నామవాచకం వెనక తగిలిస్తాం, వాళ్లు ముందు నిలబెడతారు. ఈ తేడా పిల్లలకు త్వరగానే పట్టుబడుతుంది. పట్టుబడనిది లెక్క. 'కి, కు' అంటే 'టు' అని గైడు చెబుతుంది. ఇప్పుడు రోజూ అనుకునే మాటల్లో ఆ 'కి'ని వెతకండి. 'రవికి ఇచ్చాను', ఇక్కడ టు సరే. 'ఐదింటికి వచ్చాను', ఎట్ ఫైవ్. 'వంద రూపాయలకి కొన్నాను', ఫర్ ఎ హండ్రెడ్ రుపీస్. 'సోమవారానికి పూర్తి చేస్తాను', బై మండే. 'ఊరికి రెండు కిలోమీటర్ల దూరం', టూ కిలోమీటర్స్ ఫ్రమ్ ది విలేజ్. మన 'కి' అక్కడ 'ఫ్రమ్' అయ్యింది. 'ఇంటికి వెళ్లాను', ఐ వెంట్ హోమ్. అసలు ప్రిపొజిషనే లేదు, ఎందుకంటే అక్కడ 'హోమ్' అడ్వెర్బ్. 'రవికి జ్వరం', రవి హాజ్ ఎ ఫీవర్. 'కి' ఉన్నవాడు కర్త అయి కూర్చున్నాడు. ఏడు వాక్యాల్లో 'టు' సరిపోయింది ఒక్క చోట. 'నుంచి' కూడా ఇలాంటిదే. 'ఐదేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాను' అన్నదాన్ని 'ఐ యామ్ లివింగ్ హియర్ ఫ్రమ్ ఫైవ్ ఇయర్స్' అని మార్చేస్తారు. ఎంతకాలమో చెబితే 'ఫర్', ఎప్పుడు మొదలైందో చెబితే 'సిన్స్', వెర్బ్ 'హావ్ బీన్ లివింగ్'.

తెలుగు విభక్తి ఉన్నచోట ఇంగ్లీషు వెర్బ్ ఏ ప్రిపొజిషన్నూ కోరకపోవచ్చు. గురించి చర్చించాం అంటాం కాబట్టి 'డిస్కస్డ్ అబౌట్', ఆమెతో పెళ్లి అంటాం కాబట్టి 'మ్యారీడ్ విత్ హర్', ఊరికి చేరాం అంటాం కాబట్టి 'రీచ్డ్ టు'. సరైనవి 'డిస్కస్డ్ ది ప్రాబ్లమ్', 'మ్యారీడ్ హర్', 'రీచ్డ్ ది విలేజ్'. వెర్బ్‌ను దాని ప్రిపొజిషన్‌తో కలిపి, లేకపోతే లేదని గుర్తుపెట్టుకుని, ఒకే ముక్కగా నేర్చుకోవడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు.

'బిఫోర్', 'ఆఫ్టర్', 'సిన్స్' లాంటివి ఏ గదివో తేల్చడానికి కుడిపక్కకు చూడడమే పరీక్ష. కుడిపక్క నౌన్ మాత్రమే ఉంటే ప్రిపొజిషన్: 'బిఫోర్ ది ఎగ్జామ్'. కర్త, వెర్బ్ రెండూ ఉన్న వాక్యం ఉంటే కంజంక్షన్: 'బిఫోర్ ది ఎగ్జామ్ బిగాన్'. ఏమీ లేకపోతే అడ్వెర్బ్: 'ఐ హావ్ సీన్ హిమ్ బిఫోర్'. ఇదే చూపు 'డిస్పైట్', 'ఆల్దో' గొడవనూ తీరుస్తుంది. 'డిస్పైట్ ది రెయిన్', 'ఆల్దో ఇట్ రెయిన్డ్'. అలాగే 'బికాజ్ ఆఫ్ ది రెయిన్', 'బికాజ్ ఇట్ రెయిన్డ్'.

'టు' కూడా రెండు రకాలని విడిగా చెప్పాలి. 'ఐ వాంట్ టు మీట్ యు'లో అది ఇన్ఫినిటివ్ (కాలం చెప్పని వెర్బ్ మూలరూపం) గుర్తు. 'ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యు'లో ప్రిపొజిషన్, దాని తర్వాత నౌన్ గానీ 'ఇంగ్' రూపం గానీ రావాలి. తేల్చుకోవడానికి 'టు' తర్వాత 'ఇట్' పెట్టి చూడండి. 'లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్' నిలబడింది, కాబట్టి 'మీటింగ్'. 'ఐ వాంట్ టు ఇట్' నిలబడలేదు, కాబట్టి 'మీట్'. ఆఫీసు ఉత్తరాల చివర 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యు' అని రాసేవారు ఎంతోమంది. వారికి ఈ ఒక్క పరీక్ష చాలు.

కంజంక్షన్లలో ఒకటి చెప్పి వదిలేస్తాను. 'వాన పడినా కూడా, కానీ వచ్చాడు' అని తెలుగులో ఎవరూ అనరు. అయినా ఇంగ్లీషులో 'ఆల్దో ఇట్ రెయిన్డ్, బట్ హి కేమ్' అని రాస్తారు. రెండు వాక్యాలను కలపడానికి ఒక్క కంజంక్షన్ సరిపోతుంది. 'హౌఎవర్', 'దేర్‌ఫోర్' కంజంక్షన్లలా కనిపించే అడ్వెర్బ్‌లు. వాటి ముందు కామా సరిపోదు, ఫుల్‌స్టాపో సెమీకోలనో పడాలి.

ప్రోనౌన్ దగ్గర మేము, మనం రెండింటికీ 'వి' ఒక్కటేనని, వాడు, అతను, ఆయన అందరికీ 'హి' ఒక్కటేనని పిల్లలు ఆశ్చర్యపోతారే గాని తప్పు చేయరు. తప్పు జరిగేది 'హు', 'విచ్' దగ్గర. 'నిన్న వచ్చిన అబ్బాయి' అని మనం క్రియనే విశేషణంగా మార్చి ముందు పెట్టేస్తాం, మన వ్యాకరణంలో అది ధాతుజ విశేషణం. ఇంగ్లీషులో అబ్బాయిని ముందు చెప్పి, 'హు' అనే ప్రోనౌన్‌తో వెనక వాక్యాన్ని తగిలించాలి: 'ది బాయ్ హు కేమ్ యెస్టర్‌డే'. ఆ 'హు' సర్వనామం పని, కలిపే పని రెండూ చేస్తోంది.

పలకడంలో తేడా పాఠంలో అసలు చెప్పరు గాని, కొన్ని మాటల్లో భాషాభాగాన్ని నోరే చెబుతుంది. 'యూస్' అని సకారంతో పలికితే నౌన్, 'యూజ్' అంటే వెర్బ్. 'అడ్వైస్' నౌన్, 'అడ్వైజ్' వెర్బ్. ఇక్కడ స్పెల్లింగూ మారుతుంది. రికార్డ్, పర్మిట్, ఆబ్జెక్ట్ లాంటి మాటల్లో మొదటి అక్షరం నొక్కితే నౌన్, రెండోది నొక్కితే వెర్బ్. తెలుగులో అర్థాన్ని మార్చే ఈ నొక్కు లేదు కాబట్టి వినగానే మనకు తెలియదు, చెప్పించుకుని వినాలి.

అసలు ఎన్ని భాషాభాగాలన్న వాదన పిల్లలను అనవసరంగా బాధపెడుతోంది. ఎనిమిది అన్న లెక్క గ్రీకు నుంచి వచ్చింది. డయోనీసియస్ థ్రాక్స్ పేరుతో మనకు దక్కిన గ్రీకు వ్యాకరణంలో ఎనిమిది ఉన్నాయి, కానీ అవి మన ఎనిమిది కావు: అందులో ఆర్టికల్ (ఇంగ్లీషు 'ది' లాంటిది), పార్టిసిపుల్ విడి భాగాలు, అడ్జెక్టివ్ నౌన్‌లోనే కలిసి ఉంది. లాటిన్‌లో ఆర్టికల్ లేదు, అక్కడ ఇంటర్జెక్షన్‌ను విడదీసి లెక్క నిలబెట్టారు. 1795లో లిండ్లీ ముర్రే రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలో ఆర్టికల్‌తో కలిపి తొమ్మిది. మన ప్రాచీన పండితుడు యాస్కుడు వేదపదాలను వివరించే నిరుక్తంలో నామం, ఆఖ్యాతం (క్రియ), ఉపసర్గ, నిపాతం (అవ్యయం) అని నాలుగే చెప్పాడు. నేటి డిక్షనరీలు ఎ, యాన్, ది, మై, దిస్, సమ్ లాంటివాటిని 'డిటర్మినర్' అంటున్నాయి. గైడులో 'మై' పొసెసివ్ అడ్జెక్టివ్ అని, డిక్షనరీలో డిటర్మినర్ అని చూసి పిల్లవాడు ఏది తప్పో తెలియక కలవరపడతాడు. రెండూ ఒకే పనికి పెట్టిన పేర్లు. పరీక్షలో పాఠ్యపుస్తకం వాడిన పేరే రాయాలని, డిక్షనరీ పేరు చూసి బెదరవద్దని ఒక్క వాక్యం అచ్చువేస్తే చాలు.

ఇంత రాసింది మీ విద్యా పేజీ చూసేవారికి ఒక విన్నపం చేయడానికి. పట్టిక మానేయమని అడగడం లేదు. పట్టికలోని ప్రతి మాటనూ చిన్న వాక్యంలో పెట్టి అచ్చువేయండి. వారానికి ఒక్క వాక్యాన్ని మాత్రం పూర్తిగా విప్పి చూపించండి. ఉదాహరణకు: 'ది ఓల్డ్ పంప్ బ్రోక్ డౌన్ ఎట్ నైట్, సో ది ఫార్మర్స్ వాటర్డ్ ది సీడ్లింగ్స్ బై హ్యాండ్.' పదిహేను మాటలు. ముందు వెర్బ్‌లు పట్టుకోవాలి. 'టుమారో' చేరిస్తే మారక తప్పనివి రెండు, 'బ్రోక్', 'వాటర్డ్'. రెండు వెర్బ్‌లు ఉన్నాయంటే రెండు వాక్యాలు కలిశాయన్నమాట, కలిపింది 'సో', అది కంజంక్షన్. తర్వాత మూడు 'ది'ల వెంట నడిస్తే పంప్, ఫార్మర్స్, సీడ్లింగ్స్ అనే నౌన్లు దొరుకుతాయి. 'ది'కీ పంప్‌కీ మధ్య నిలబడ్డ 'ఓల్డ్' అడ్జెక్టివ్. 'ఎట్', 'బై' కుడిపక్కన నైట్, హ్యాండ్ అనే నౌన్లు ఉన్నాయి, కాబట్టి అవి ప్రిపొజిషన్లు. 'డౌన్' కుడిపక్కన దానికి చెందిన నౌన్ లేదు, వెంటనే ఇంకో ప్రిపొజిషన్ వచ్చింది, కాబట్టి అడ్వెర్బ్. 'బ్రోక్'తో కలిసి చెడిపోయింది అన్న అర్థం ఇస్తోంది. ఇక మిగిలినవి ఆ మూడు 'ది'లే, అవి ఆర్టికల్స్. ప్రోనౌన్, ఇంటర్జెక్షన్ ఈ వాక్యంలో లేవు, ప్రతి వాక్యంలో ఎనిమిదీ ఉండాలని ఎక్కడా లేదు.

జవాబుల్లో పేరు పక్కన కారణం కూడా ఇవ్వండి. 'వాటర్డ్: వెర్బ్' అని వదిలేస్తే, వాటర్ నౌన్ కదా అనుకున్న పిల్లవాడికి తన పొరపాటు ఎక్కడో తెలియదు. 'వాటర్డ్: వెర్బ్. ఫార్మర్స్ అనే కర్త తర్వాత వచ్చింది, టుమారో పెడితే విల్ వాటర్ అవుతుంది' అని రాయడానికి పేజీలో పట్టేది ఇంకో రెండు వరసల జాగా.

ఇట్లు,
ఒక ఇంగ్లీషు వ్యాకరణ బోధకుడు